చక్రములపై హాకీ - స్త్రీల ప్రపంచ పోటీలు

జహీరాబాదు నుండి ఝరాసంగము వైపు పోవు దారిలోని ఒక గ్రామమున ఈ మధ్య పంచాయతీ సమావేశము జరుగుచుండగా మేము అచట నుంటిమి. ఆటస్థలమునకై విడిచిన నేలలో కొంత భాగమునకు సిమెంటు గచ్చు వేయింపవలెనా, వలదా అన్నది ఆనాటి చర్చ. కల్లమునకు పనికివచ్చునని కొందరు, పెండ్లి పందిళ్లకు పనికివచ్చునని కొందరు పలికిరి. అంతలో వార్డు సభ్యురాలు ఒకామె లేచి, పట్టణమున చదువుకొనుచున్న తన మనుమరాలు చక్రముల బూట్లు తొడిగి కర్రతో బంతిని కొట్టు ఆట నేర్చుకొనుచున్నదనియు, గచ్చు వేయించినచో ఊరి ఆడపిల్లలు కూడ నేర్చుకొందురనియు చెప్పినది. పలువురు నవ్విరి. "పెద్దమ్మా, నడిచే తోవనే సక్కగ లేదు, చక్రాలెక్కడివే?" అని ఒక యువకుడు అడిగినాడు. ఆమె నొచ్చుకొనలేదు. "తోవ సక్కగ లేదనే కద బిడ్డా, గచ్చు అడుగుతున్న" అని చెప్పి కూర్చున్నది. తీర్మానము వాయిదా పడినది.

నవ్వుటకు ముందు ఆ ఆట ఎట్టిదో తెలిసికొనుట మేలు గదా. ఆమె చెప్పిన ఆటకు రోలర్ హాకీ అని పేరు. ఇది నగరములలోని కలవారి పిల్లల వినోదమని పలువురు తలంచుచున్నారు. కాని ఈ ఆటలో స్త్రీల జట్లకు ప్రపంచ పోటీలు 1992 నుండి జరుగుచున్నవి. వాటి చరిత్రను పరిశీలించినచో పంచాయతీ సభ్యులకు పనికివచ్చు సంగతులు కొన్ని కానవచ్చును. వాటిని ఇచట వివరింతుము.

ముందుగా ఆట తీరు. దీనిని గడ్డి మైదానమున గాక, నున్నని గచ్చు మీదగాని చెక్కపలకల నేల మీదగాని ఆడుదురు. బరి పొడవు వెడల్పునకు రెండింతలుండవలెను. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు మేలైన కొలత. చిన్నదైనచో 34 మీటర్లు, 17 మీటర్లు చాలును. చుట్టును మీటరు ఎత్తున అడ్డుగోడ యుండును. బంతి ఆ గోడకు తగిలి తిరిగి బరిలోనికే వచ్చును గనుక ఆట మాటిమాటికి ఆగదు. బరి మూలలు కోణములుగా గాక గుండ్రముగా నుండును. ఒక్కొక్క జట్టున ఒకేసారి అయిదుగురు ఆడుదురు. అందొకరు గోలు కాచువారు. మొత్తము జట్టు పదిమంది. ఆట నడుచుచుండగనే ఒకరు బయటకు వచ్చి మరియొకరు లోనికి పోవచ్చును. ఈ మార్పిడికి ఆట నాపరు.

బంతి గట్టిది, గుండ్రనిది. చుట్టుకొలత 23 సెంటీమీటర్లు, బరువు 155 గ్రాములు. మైదానపు హాకీలో కర్రకు ఒకవైపు మాత్రమే చదునుగా నుండును. ఈ ఆటలో కర్ర రెండు వైపుల చదునైనది. కావున ఎడమ కుడి భేదము లేకుండ బంతిని త్రిప్పవచ్చును. గోలు గూడు మిక్కిలి చిన్నది: వెడల్పు 170 సెంటీమీటర్లు, ఎత్తు 105 సెంటీమీటర్లు. గోలు కాచువారు మోకాళ్లు ముడుచుకొని కూర్చుండినట్లుండి ఆ గూటిని దాదాపు కప్పివేయుదురు. బంతిని మీటరున్నర ఎత్తునకు మించి ఎగురవేయుట సామాన్యముగా తప్పు. ఒక జట్టు చేసిన తప్పులు పదికి చేరినచో ఎదుటి జట్టునకు అడ్డు లేకుండ నేరుగా గోలుపై కొట్టు అవకాశము లభించును. పెద్దల జట్లకు ఆట 25 నిమిషముల చొప్పున రెండు భాగములు. ఆట ఆగినప్పుడు గడియారము కూడ ఆగును.

ఇక చక్రముల బూట్లు. వీటిని స్కేట్లందురు. ఈ ఆటలో వాడు స్కేటునకు ముందు రెండు, వెనుక రెండు, మన బండి చక్రములవలె జంటలుగా నాలుగు చక్రములుండును. మడమ నుండి వ్రేళ్ల వరకు ఒకే వరుసలో చక్రములున్న స్కేట్లు వేరు. వాటితో ఆడు హాకీ వేరొక శాఖ. అందు బంతికి మారు చదునైన బిళ్ల నుపయోగింతురు. ఈ రెంటిని ఒకటిగా భావించి సామగ్రి కొని, పిమ్మట చింతించిన బడులు కలవని విన్నాము. కొనుటకు ముందు ఏ శాఖయో అడిగి తెలిసికొనవలెను.

చక్రముల బూట్లు కొత్తవి కావు. 1760 ప్రాంతమున లండనులో జోసెఫ్ మెర్లిన్ అను బెల్జియము దేశీయుడు వాటిని తొడిగి, ఫిడేలు వాయించుచు ఒక వేడుకకు వచ్చి, ఆగుట తెలియక గొప్ప నిలువుటద్దమునకు ఢీకొనెనని ఒక కథ చెప్పుదురు. ఆగుట నేర్వనిదే సాగుట నేర్వరాదని నేటికిని శిక్షకులు మొదటి దినమున బోధించు పాఠము ఇదియే. దేహమును ఒక ప్రక్కకు వంచినంతనే మలుపు తిరుగు నాలుగు చక్రముల స్కేటును 1863లో అమెరికాలో జేమ్స్ ప్లింప్టన్ అనువాడు కనిపెట్టిన పిమ్మటనే ఈ వినోదము ఆటగా మారుటకు వీలు కలిగినది. అంతర్జాతీయ సమాఖ్య 1924లో స్విట్జర్లాండులోని మాంట్రోలో ఏర్పడినది. పురుషుల తొలి ప్రపంచ పోటీ 1936లో జర్మనీలోని స్టుట్‌గార్టులో జరుగగా ఇంగ్లండు గెలిచినది. ఆ సమాఖ్యయే 2017లో స్కేట్‌బోర్డు సమాఖ్యతో కలిసి 'వరల్డ్ స్కేట్' అను పేరు గైకొన్నది.

ఇచట ఒక లెక్క సభ్యులు గమనింపవలెను. పురుషులకు 1936, స్త్రీలకు 1992. నడుమ 56 సంవత్సరములు! స్త్రీలు స్కేట్లు తొడుగకపోవుటచే నింత ఆలస్యము జరుగలేదు. చక్రములపై నాట్యమువంటి విన్యాసములలో స్త్రీలు ఏనాటినుండియో పేరుపొందియున్నారు. హాకీ మాత్రము మోటు ఆటయనియు, ఆడవారి అంగసౌష్ఠవమునకు తగదనియు తలంచిరి. ఆ మాట మనకు కొత్త కాదు. పంచాయతీ పనులు ఆడవారికి చేతకావని కొన్ని దశాబ్దముల క్రిందట మన రచ్చబండలపై వినబడెడిది; 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము క్రింద నేడు సగము స్థానములు వారివే.

స్త్రీల తొలి ప్రపంచ పోటీ 1992లో జర్మనీలోని ష్ప్రింగె అను చిన్న పట్టణమున జరిగినది. గెలిచినది కెనడా. ఆ దేశమునకు మరల ఆ కప్పు దక్కలేదు. అదే సంవత్సరము బార్సిలోనా ఒలింపిక్ క్రీడలలో ఈ ఆటను ప్రదర్శనార్థము చేర్చిరి, కాని పురుషులకు మాత్రమే. అటుపిమ్మట ఏ ఒలింపిక్ క్రీడలలోను దీనికి చోటు లభింపలేదు. ఒలింపిక్ పతకము లేని ఆటకు ప్రభుత్వముల ధనసహాయము తక్కువ యన్నది లోకరీతి. ఐనను ఈ పోటీలు ఆగలేదు. 1992 మొదలు 2022 వరకు పదునారు మారులు జరిగినవి. అందు స్పెయిను ఏడు మారులు, అర్జెంటీనా ఏడు మారులు, కెనడా ఒక మారు, చిలీ ఒక మారు గెలిచినవి. పురుషుల ఆటలో అగ్రగామియైన పోర్చుగల్లునకు ఈ పదునారింటిలో స్త్రీల కప్పు ఒక్క మారైనను దక్కకపోవుట విచిత్రము.

చిలీ సంగతి కొంచెము విపులముగా చెప్పదగినది. కాలిబంతి తప్ప అన్య క్రీడలను అంతగా పట్టించుకొనని దేశమది. 2006లో తమ రాజధానియగు సాంటియాగోలో పోటీ జరుగగా ఆ దేశపు యువతులు, స్పెయిను, అర్జెంటీనా వంటి ఉద్దండులుండగనే, ప్రపంచ విజేతలైరి. జట్టు ఆటలలో ఆ దేశపు పెద్దల జట్టు ప్రపంచ కప్పు తెచ్చుట అరుదు. దానిని తెచ్చినవారు ఆడపిల్లలు. వారిని అచటివారు ముద్దుగా 'మార్సియానితాస్', అనగా అంగారక గ్రహపు పిల్లలని పిలుతురు.

2017 నుండి ఈ పోటీని చక్రక్రీడలన్నిటిని కలిపి జరుపు పెద్ద ఉత్సవములో భాగముగా చేసిరి. ఆ యేడు చైనాలోని నాంజింగు, 2019లో బార్సిలోనా, 2022లో అర్జెంటీనా వేదికలైనవి. 2022లో హాకీ పోటీలు సాన్ హువాన్ అను నగరమున జరిగినవి. ఆ ప్రాంతమును గూర్చి తెలిసికొన్నచో జహీరాబాదు ప్రాంతమువారికి ఆసక్తి కలుగును. అది అర్జెంటీనా రాజధానికి దూరముగా, ఆండీస్ పర్వతముల దాపున నున్న మెట్ట సీమ. వానలు మిక్కిలి తక్కువ. కాలువ నీటితో ద్రాక్ష పండించి బ్రతుకుదురు. అట్టి సీమ ఆ దేశమున రోలర్ హాకీకి పుట్టినిల్లువంటిదై, తరతరములుగా ఆటగాండ్రను, ఆటకత్తెలను ఇచ్చుచున్నది.

స్పెయినులోని కాటలోనియా సీమలో వోల్త్రెగా అను ఊరు మరియొక దృష్టాంతము. జనసంఖ్య మూడు నాలుగు వేలు మాత్రమే. అనగా మన పెద్ద పంచాయతీ ఒకదానితో సమానము. ఆ ఊరి సంఘపు స్త్రీల జట్టు ఐరోపా ఖండమందలి సంఘముల కప్పును ఒకటికంటె ఎక్కువ మారులు గెలిచినది. పెద్ద నగరముల జట్లు ఈ ఊరి ముందు తలవంచినవి. ఇది ఎట్లు సాధ్యమైనదని అడుగవచ్చును. ఊరి నడుమ బరి యున్నది. బడి విడిచిన పిల్లలు ఆడ మగ భేదము లేక పసితనముననే అచట చక్రములు తొడుగుదురు. వెనుకటి తరమువారు ముందటి తరమునకు నేర్పుదురు. ఇంతకు మించి రహస్యమేమియు మాకు కానరాదు.

మన దేశమున రోలర్ స్కేటింగ్ సమాఖ్య 1955లో ఏర్పడినది. భారత స్త్రీల జట్టు ఈ ప్రపంచ పోటీలలో పాల్గొనియున్నది. కాని నిజము దాచనేల? పెద్ద జట్ల చేతిలో ఓడిపోయి పట్టికలో దిగువన నిలుచుటయే జరుగుచున్నది. ఇతర చక్రక్రీడలలో మాత్రము మనవారు ముందడుగు వేసిరి. హైదరాబాదు వాడైన యామా అనూప్ కుమార్ 2010లో చైనాలోని గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో విన్యాస స్కేటింగునందు రెండు కాంస్య పతకములు గెలిచినాడు. అందొకటి అవనీ పంచాల్ అను యువతితో జంటగా. 2015లో ఆయనకు అర్జున పురస్కారము లభించినది. 2023 అక్టోబరు 2వ తేదీన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మన స్త్రీల జట్టు 3000 మీటర్ల వేగపు స్కేటింగు రిలేలో కాంస్యము సాధించినది. హైదరాబాదు ఇందిరా పార్కునందును, విశాఖపట్నము ఉడా పార్కునందును స్కేటింగు బరులు కలవు. మైదానపు హాకీలో చిత్తూరు ప్రాంతపు పల్లెబిడ్డ ఏతిమర్పు రజని గోలు కాచు క్రీడాకారిణిగా భారత జట్టున చేరి, 2022 బర్మింగుహాము కామన్‌వెల్తు క్రీడలలో కాంస్యము గెలిచిన జట్టులో నుండెను. పల్లె పిల్లలకు హాకీకర్ర కొత్త యనువారు ఈమె పేరు జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఇక గచ్చు విషయము. ఊరివారు వాయిదా వేసినది దీనినే గనుక లెక్కలు చెప్పుదుము. 40 మీటర్లు, 20 మీటర్లు గల బరి 800 చదరపు మీటర్లు. గుంట యనగా సుమారు 101 చదరపు మీటర్లు. కావున పూర్తి బరికి ఎనిమిది గుంటలు కావలెను. చిన్న కొలత బరికి ఆరు గుంటలకు కొంచెము తక్కువ. 2022లో ఆరంభమైన తెలంగాణ క్రీడాప్రాంగణముల పథకము క్రింద కొన్ని గ్రామములలో ఎకరము వరకు స్థలము విడిచియున్నారు. ఎకరమునకు నలువది గుంటలు గనుక అట్టిచోట నేలకు కొరత లేదు. కొరత సొమ్మునకే. నాలుగంగుళముల మందమున కాంక్రీటు పోసినచో 800 చదరపు మీటర్లకు 80 ఘన మీటర్లగును. ఘన మీటరునకు ఏడెనిమిది సంచుల సిమెంటు చొప్పున 560 నుండి 640 సంచులు. ఇసుక, కంకర, కూలి, చుట్టు గోడ వేరు. చిన్న పంచాయతీకి ఇది మోయరాని భారమని మేమే ఒప్పుకొందుము.

కాని నేర్చుకొనుటకు పూర్తి బరి అక్కర లేదు. 20 మీటర్లు, 10 మీటర్లు గల గచ్చు రెండు గుంటలలో ఇమిడిపోవును. 20 ఘన మీటర్ల కాంక్రీటు, 140 నుండి 160 సంచుల సిమెంటు చాలును. పంట కాలమున జొన్నలు, కందులు ఆరబోయవచ్చును. మిగిలిన నెలలలో పిల్లలాడవచ్చును. ఉపాధి హామీ పథకము క్రింద మన ప్రాంతమున రైతులు కట్టుకొన్న కల్లములు దీనికి చాలవు. అవి మిక్కిలి చిన్నవి.

గచ్చు పోయించునప్పుడు మేస్త్రీకి చెప్పవలసిన మాటలు నాలుగు గలవు. ఈ ప్రాంతపు ఎఱ్ఱ నేలను ముందు బాగుగ తడిపి దిమ్మిస కొట్టింపక పోసిన గచ్చు రెండు వానలకే కుంగి బీటలు వారును. కల్లమునకు బీట అడ్డు కాదు, చక్రమునకు ప్రాణాంతకము. అరల నడుమ విడుచు సందులను పైకి సమముగా పూడ్పవలెను. వ్రేలు దూరు సందులో చక్రము చిక్కుకొనును. నీరు నిలువకుండ ఒక ప్రక్కకు స్వల్పముగా వాలు ఉంచవలెను. పాచి పట్టిన గచ్చు మంచు గడ్డతో సమానము. అద్దమువలె నున్నగా పాలిషు చేయింపరాదు, గరుకుగా చీపురు గీతలును వేయింపరాదు. కర్ర తాపీతో చదును చేసి విడుచుట మేలు. కనీసము రెండు వారములు తడి ఆరకుండ చూడవలెను. ఇది తెలియని మేస్త్రీ లేడు, పాటించువాడే అరుదు.

సామగ్రి ఖర్చు గలదే. స్కేట్లు ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క జత కొనిపెట్టుట పంచాయతీ పని కాదు, వలనుపడదు కూడ. పాదము కొలత పెంచుటకు, తగ్గించుటకు వీలున్న స్కేట్లు దొరకును. పది జతలను బడికి ఇచ్చి, ముప్పది మంది వంతులవారీగా వాడుకొనవచ్చును. తలకు టోపీ, మోకాళ్లకు మోచేతులకు తొడుగులు లేనిదే ఎవ్వరిని చక్రములెక్కనీయరాదు. దీనిలో పొదుపు పనికిరాదు. నేర్చువారు పడుదురు, పడని స్కేటరు లేడు. నేర్పు గురువు దొరకు వరకు స్కేట్లు కొనక, మామూలు బూట్లతోనే కర్ర, బంతి ఆట నేర్పుట బుద్ధిమంతుల పని. గచ్చు మీద మామూలు బూట్లతో ఆడిన పిల్లకు బంతి చేతిలోనికి వచ్చును. చక్రము తరువాత రావచ్చును.

అన్నిటికంటె కష్టమైనది వేరొకటి కలదు. పండ్రెండు పదమూడేండ్లు వచ్చినంతనే ఆడపిల్లలు ఆటస్థలము విడిచిపోవుట మన పల్లెలలో ఎల్లెడల కనబడుచున్నది. క్రీడాప్రాంగణమని బోర్డు కట్టిన చోట సాయంకాలము చూచినచో మగపిల్లలు క్రికెట్టు ఆడుచుందురు. ఆడపిల్లలు గోడ ప్రక్కన నిలిచి చూచుచుందురు, లేదా అసలే రారు. స్థలమిచ్చినంత మాత్రమున వారికి స్థలము దొరికినట్లు కాదు. వారికని వారమునకు కొన్ని దినములు, దినమునకు ఒక గంట ప్రత్యేకించి తీర్మానము చేయవలెను. ఆ గంటలో పెద్ద ఆడకూతురు ఒకతె అచట కూర్చుండవలెను. దాపున మరుగుదొడ్డి, నీరు, చీకటిపడు వేళకు దీపము ఉండవలెను. దుస్తుల విషయమున తల్లిదండ్రులతో ముందే మాటలాడుట మంచిది. సల్వారు, పొడుగు పాంటు తొడిగి చక్కగా ఆడవచ్చును, ఎవ్వరికిని ఆక్షేపణ యుండనక్కర లేదు.

ఇది ఈ ప్రాంతమున జరుగని పని యని మేము తలంపము. జహీరాబాదు దాపున పస్తాపురము కేంద్రముగా 1983 నుండి పనిచేయుచు వచ్చిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘములను సభ్యులెరుగుదురు. బడి మెట్లెక్కని పేద స్త్రీలు తమ చిరుధాన్యపు విత్తనములను తామే దాచుకొనిరి, కెమెరా పట్టి చిత్రములు తీసిరి. మాచునూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియోను ఆరంభించి తామే నడపిరి. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి పక్షమున ఈక్వేటర్ పురస్కారము వచ్చినది. తల్లులు మైకు ముందు కూర్చుండిన సీమలో కూతుళ్లు చక్రములు తొడిగినచో వింతయేమి?

అట్లని రెండు గుంటల గచ్చు వేసినంతనే ప్రపంచ కప్పు మన ఊరికి వచ్చునని మేము ఆశ పెట్టుట లేదు. ఒకతె జిల్లా జట్టు వరకైనను పోవచ్చును, అనేకులు పోకపోవచ్చును. ఇంకొక సంగతి చెప్పక తప్పదు. ఆ సొమ్ముతో ఊరిలో త్రాగునీటి గొట్టమో, బడి మరుగుదొడ్డియో బాగుపడవలసియున్నచో అదియే ముందు కావలెను. ఆ రెండును సరిగా నుండి, గచ్చు ఎటులైనను వేయవలెనని నిశ్చయించిన ఊరికే ఈ లెక్కలు. గచ్చు కల్లమునకు వేసినను, పందిరికి వేసినను సిమెంటు సంచి ధర ఒక్కటే. ఆడపిల్లల ఆటకు తగినట్లు వేయుటకు అదనముగా కావలసినది సందులు పూడ్చు శ్రద్ధయు, గంట కేటాయించు తీర్మానమును మాత్రమే.

ఈ చర్చ తిరిగి వచ్చునపుడు ముందుగా కొలత టేపు పట్టుకొని సభ్యులందరు స్థలమునకు పోవుట మంచిది. ఆ సభ్యురాలిని, వీలైనచో సెలవులకు వచ్చిన ఆమె మనుమరాలిని వెంట గొని పోవుడు. బరి ఏ దిక్కున ఉండవలెనో, పడమటి ఎండ గోలు కాచు పిల్ల కండ్లలో పడకుండ గూడు ఎటు పెట్టవలెనో ఆ పిల్ల చూపగలదు. గచ్చు పూర్తియైన పిదప ఒక చీపురు అచటనే ఉంచుడు. చక్రము క్రింద బటాణీ గింజంత రాయి పడినను పిల్ల బోర్లపడును. ఆటకు ముందు ఊడ్చువంతు పిల్లలదే. మగపిల్లలు ఆడు దినమున మగపిల్లలే ఊడ్వవలెను.